అరవైమూడు గుర్రాల బండి

ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో ఏడాదిన్నర తేడాతో రెండు స్పోర్ట్స్ కార్లు పుట్టాయి. మొదటిది జాగ్వార్ ఈ-టైప్. 1961 మార్చిలో జెనీవా ప్రదర్శనలో దాన్ని చూడ్డానికి జనం విరగబడ్డారు. కంపెనీ చెప్పుకున్న లెక్క ప్రకారం 265 హార్స్‌పవర్, గంటకి 150 మైళ్ళ వేగం. రెండోది ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. 1962 అక్టోబరులో లండన్ మోటార్ షోలో బయటపెట్టారు. 1147 సీసీ ఇంజను, 63 హార్స్‌పవర్. ఎంత తొక్కినా 92 మైళ్ళు, అంటే గంటకి 148 కిలోమీటర్లు దాటదు. ఈ-టైప్ కొనాలంటే రెండువేల పౌండ్ల పైమాటే. స్పిట్‌ఫైర్ పన్నులతో కలిపి దాదాపు 730 పౌండ్లు.

పోస్టర్ల మీద, మ్యూజియంలలో, వేలంపాటల వార్తల్లో కనిపించేది ఈ-టైపే. అందులో తప్పేం లేదు, అది అంత అందమైన కారే. నాకు మాత్రం చాలా ఏళ్ళుగా ఆ రెండోదాని మీద మనసు. "అందని ద్రాక్ష కదా, అందుకే దీంతో సర్దుకుపోతున్నావు" అని మిత్రులు ఏడిపిస్తుంటారు. ఇందులో సర్దుబాటు ఏమీ లేదనే నా వాదన. తక్కువ బలంతో, తక్కువ ధరలో దొరికే పాత స్పోర్ట్స్ కారుకి తనదైన చరిత్ర ఒకటుంది. అది పెద్ద కార్ల చరిత్రకి చిన్న అచ్చు కాదు, పూర్తిగా వేరే కథ. ఆ కథలో మన మద్రాసుకీ ఓ వాటా ఉంది.

*

కథ స్పిట్‌ఫైర్‌తో మొదలవలేదు. 1920లలో స్పోర్ట్స్ కారంటే భాగ్యవంతుల సరదా. పెద్ద ఇంజను, చేత్తో చేసిన బాడీ, దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి. ఆక్స్‌ఫర్డ్‌లో మోరిస్ గరాజెస్ నడుపుతున్న సెసిల్ కింబర్‌కి వేరే ఆలోచన వచ్చింది. అప్పుడే వస్తున్న మోరిస్ మైనర్ అనే సంసారపక్షపు చిన్న కారు చాసీని, దాని 847 సీసీ ఇంజన్నీ తీసుకున్నాడు. ప్లైవుడ్ మీద బట్ట పరిచిన తేలికపాటి బాడీ ఒకటి దానికి తగిలించాడు. ఇద్దరే కూర్చోగలరు. వెనక భాగం పడవ మొనలా ఉంటుంది. 1928లో చూపించిన ఆ కారు పేరు ఎం.జి. మిడ్జెట్. 20 హార్స్‌పవర్, 175 పౌండ్లు. మూడువేలకు పైగా అమ్ముడుపోయాయి.

కూరలో ముక్కలు రోజూ వండేవే, పోపు మాత్రం మార్చాడు. తర్వాతి యాభై ఏళ్ళు బ్రిటన్‌లో చౌక స్పోర్ట్స్ కారు చేసినవాళ్ళందరూ దాదాపు ఈ పద్ధతినే పట్టుకున్నారు. గుమాస్తా నడిపే కారులోంచి ఇంజను, గేరుబాక్సు, ఇరుసులు తీసుకో. బరువు తగ్గించు. సీటు నేలకి దగ్గరగా దించు. టాపు తీసెయ్. అంతే.

1958లో వచ్చిన ఆస్టిన్-హీలీ స్ప్రైట్ ఈ పద్ధతిని చివరి పైసా దాకా పిండింది. ఇంజను, ముందు సస్పెన్షన్, వెనక ఇరుసు ఆస్టిన్ ఏ35 అనే బుజ్జి కారువి. స్టీరింగు మోరిస్ మైనర్‌ది. 948 సీసీ, 43 హార్స్‌పవర్. బయట తలుపుకి పిడి లేదు, లోపలికి చెయ్యిపెట్టి గడియ తీసుకోవాలి. డిక్కీ ఉంది గానీ దానికి మూత లేదు. సామాను సీట్లు వంచి వెనక్కి తోసుకోవాల్సిందే. హెడ్‌లైట్లు వాడనప్పుడు బానెట్లో ఒదిగిపోయి ఉండాలని మొదట అనుకున్నారు. ఆ ఏర్పాటుకి ఖర్చవుతుందని లైట్లని బానెట్ మీదే నిలబెట్టేశారు. దాంతో కారుకి కప్ప కళ్ళొచ్చాయి. ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ ముద్దుగా కప్పకళ్ళ స్ప్రైట్ అనే పిలుస్తారు. దాదాపు 49,000 కార్లు అమ్ముడయ్యాయి. డబ్బు మిగుల్చుకోడానికి చేసిన పనే దానికి మొహం ఇచ్చింది. ఇవాళ ఆ మొహం కోసమే వెతుక్కుని కొంటున్నారు.

*

స్పిట్‌ఫైర్ పుట్టుక వెనక ఇంకో రకం ఇబ్బంది ఉంది. కోవెంట్రీలోని స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీకి తన కార్ల బాడీలు తయారుచేసుకునే సొంత ఏర్పాటు సరిపడా లేదు. బాడీలు చేసిపెట్టే ఫిషర్ అండ్ లడ్లో అనే సంస్థని 1953లో పోటీదారైన బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ కొనేసింది. అప్పటికి ప్రపంచమంతా బాడీ, చాసీ కలిసిపోయిన ఒంటిముక్క కార్ల వైపు వెళుతోంది. అలాంటివి చెయ్యడానికి పెద్ద ప్రెస్సులు, పెద్ద పెట్టుబడి కావాలి. స్టాండర్డ్-ట్రయంఫ్ వెనక్కి తిరిగి పాత దారి పట్టింది. కింద విడిగా ఒక చాసీ. దాని మీద రకరకాల చోట్ల చేయించుకున్న బాడీ ముక్కలని బోల్టులతో బిగించడం. టూరిన్‌లో ఉండే జొవాన్ని మికెలోట్టి దానికి అందమైన రూపం గీసిచ్చాడు. 1959లో వచ్చిన ఆ కారే ట్రయంఫ్ హెరాల్డ్.

ఇలా గతిలేక ఎంచుకున్న విడి చాసీ రెండు పెద్ద ఫలితాలనిచ్చింది. ఒకటి, చాసీని కాస్త కురచ చేసి దాని మీద ఎలాంటి బాడీనైనా పెట్టుకోవచ్చు. మికెలోట్టి ఇద్దరు కూర్చునే స్పోర్ట్స్ కారు ఒకటి గీశాడు. నమూనా కూడా తయారైంది. ఈలోగా కంపెనీ చేతిలో డబ్బు అయిపోయింది, నమూనా మూలన పడింది. 1961లో కంపెనీని లేలండ్ కొనుక్కున్నాక, ఆ మనుషులు ఫ్యాక్టరీలో ఏమేం ఉన్నాయో చూసుకుంటుంటే ఓ మూల దుమ్ముగుడ్డ కింద అది కనబడిందని చెప్పుకుంటారు. మరుసటి ఏడాదికల్లా అది యుద్ధవిమానం పేరు పెట్టుకుని అమ్మకానికొచ్చింది. 1965లో ల మాన్స్ 24 గంటల పందెంలో స్పిట్‌ఫైర్లు మొత్తం మీద 13, 14 స్థానాల్లో వచ్చాయి. తమ ఇంజను తరగతిలో మాత్రం అవే మొదటిది, రెండోది. 1980 దాకా రకరకాల మార్పులతో 3,14,000కి పైగా తయారయ్యాయి. అన్ని రకాల ఈ-టైప్‌లూ కలిపితే దాదాపు 72,500.

రెండో ఫలితం, ముక్కలుగా విడిపోయే కారుని పెట్టెల్లో సర్ది ఓడెక్కించడం తేలిక. ఆ పెట్టెలు దిగిన రేవుల్లో మద్రాసు ఒకటి. అక్కడికి కాసేపట్లో వస్తాను.

*

కోవెంట్రీలో ఓ కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసే తెలుగు మిత్రుడి దగ్గర 1978 నాటి స్పిట్‌ఫైర్ ఉంది. అప్పటికి ఇంజను 1493 సీసీ అయింది, బలం 71 హార్స్‌పవర్. మన వీధిలో నిలబెట్టి ఉండే కొత్త స్విఫ్ట్‌లో 80 ఉంటాయి. అంటే కాలేజీ కుర్రాడి స్పోర్ట్స్ కారు కంటే మన కూరగాయల బజారు కారుకే బలం ఎక్కువ.

అయినా దాంట్లో కూర్చున్నాక ఈ లెక్కలు పనికిరావు. మనం కూర్చునేది నేలకి జానెడు ఎత్తులో. పక్కన వెళ్ళే లారీ చక్రం మన తలకంటే ఎత్తుగా కనిపిస్తుంది. స్టీరింగులో సాయం చేసే మోటారు లేదు కాబట్టి రోడ్డు ఎలా ఉందో చేతులకి తెలుస్తుంటుంది. వార్విక్‌షైర్ పల్లెదారుల్లో గంటకి అరవై కిలోమీటర్లు పోతుంటే నూట ఇరవై పోతున్నట్టుంటుంది. ఎత్తు ఎక్కాలంటే ముందే చూసుకుని గేరు దించాలి. దించడం ఆలస్యమైతే బండి నీరసపడుతుంది, సరిగ్గా పడితే ఇంజను గొంతు మారుతుంది. మలుపుకి ముందు వేగం పోగొట్టుకుంటే మళ్ళీ తెచ్చుకోడానికి టైం పడుతుంది. అందుకని మలుపుని ముందుగానే ఆలోచించుకుంటాం. ఒక గంట నడిపితే ఆ గంటంతా మనం నడిపినట్టే.

ఇక్కడే నాకు అసలు సంగతి అర్థమైంది. 500 హార్స్‌పవర్ ఉన్న కారులో ఆ బలం అంతా వాడుకునే చోటు ఈ భూమ్మీద మామూలు మనిషికి లేదు. సిగ్నల్ దగ్గర మూడు సెకన్లు వాడొచ్చు. తర్వాత చలానా. మిగతా బలం బ్యాంకు లాకరులో నగలాంటిది, ఉందని తెలుసుకుని సంతోషించాలంతే. 71 గుర్రాల బండిలో అన్ని గుర్రాలూ రోజూ పనిచేస్తాయి. చట్టం దాటకుండా, ఎవరినీ భయపెట్టకుండా, ఉన్నదంతా వాడుకోవచ్చు.

ఇంకో సంగతి బానెట్. స్పిట్‌ఫైర్‌కి ముందు రెక్కలతో సహా బానెట్ అంతా ఒకే ముక్క. రెండు వైపులా గడియలు తీసి ముందుకి వంచితే కారు ముందు సగం మొత్తం తెరుచుకుంటుంది. మావాడు ముందు చక్రం మీద అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుని కార్బురేటర్లు సరిచేసుకుంటాడు. ఇంజను ఓ పక్క, ముందు సస్పెన్షన్ ఓ పక్క, అన్నీ చేతికందుతాయి. కంప్యూటరు తగిలిస్తే గానీ రోగం చెప్పని కార్ల మధ్య రోజంతా పనిచేసి వచ్చే మనిషికి ఇది ఎంత విశ్రాంతో ఆలోచించండి. ఏది ఎందుకు కదులుతుందో కంటికి కనబడుతుంది.

*

మద్రాసు దగ్గరికి వద్దాం. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1961లో హెరాల్డ్‌ని ఇక్కడ తయారుచెయ్యడం మొదలుపెట్టింది. పేరు స్టాండర్డ్ హెరాల్డ్. 948 సీసీ ఇంజను. స్పిట్‌ఫైర్‌లో ఉన్నది ఈ ఇంజను పెద్దన్నే. ఒకే వంశం, ఒకే చాసీ ఆలోచన, ఒకే మికెలోట్టి గీత. మౌంట్ రోడ్డు మీద పిల్లల్ని బడికి తీసుకెళ్ళిన హెరాల్డూ, ల మాన్స్‌లో రాత్రంతా పరిగెత్తిన స్పిట్‌ఫైరూ పినతల్లి, పెదతల్లి బిడ్డలు.

చుట్టరికం అంతవరకే. ఆ రోజుల్లో మన దేశంలో కారు కొనాలంటే అంబాసిడరో, ఫియట్టో, హెరాల్డో. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. కోవెంట్రీ కుర్రాడు ఆదివారం సరదాకి ఎంచుకున్న తక్కువ బలం, ఇక్కడ ఒక కుటుంబానికి దొరికిన ఒకే ఒక్క బలం. మా పెదనాన్నగారు టి.నగర్లో ఉన్నప్పుడు ఆయనకో హెరాల్డ్ ఉండేది. మా ఇంట్లో దాన్ని చిన్న కారని ఎవరూ అనేవాళ్ళు కాదు. అది "కారు", అంతే. పెళ్ళిళ్ళకి, ఆస్పత్రికి, తిరుపతికి, నెల్లూరికి, అన్నిటికీ అదే. తక్కువ బలంలో అందం ఉందని ఎవరైనా చెబితే ఆయన నవ్వేవారనుకుంటాను. ఎంచుకునే వీలున్నవాడికే తక్కువ అనేది ముద్దొస్తుంది. ఈ సంగతి మర్చిపోయి పాత చిన్న కార్ల గురించి రాస్తే అది వట్టి మురిపెం అవుతుంది.

ఇక్కడి అవసరాలు కూడా వేరు. ఇంగ్లండులో హెరాల్డ్‌కి రెండే తలుపులు. మనవాళ్ళకి ఇంటిల్లిపాదీ ఎక్కాలి. 1968లో మద్రాసు కంపెనీ నాలుగు తలుపుల హెరాల్డ్ చేసింది. అలాంటిది కోవెంట్రీ ఎప్పుడూ చెయ్యలేదు. వెనక చక్రాలు విడివిడిగా ఊగే ఇరుసు మన రోడ్లకీ, మన మెకానిక్కులకీ పడలేదు. 1970ల మొదట్లో వచ్చిన స్టాండర్డ్ గెజెల్‌లో దాన్ని తీసేసి మామూలు గట్టి ఇరుసు పెట్టారు. పెట్టెల్లో వచ్చిన కారు మెల్లగా ఇక్కడిదైంది.

ఇదే కంపెనీ 1985లో చేసిన ఇంకో కారు నా వాదనకి బాగా పనికొస్తుంది. స్టాండర్డ్ 2000. దాని బాడీ ఇంగ్లండులో పేరుమోసిన రోవర్ ఎస్‌డీ1 కారుది. 1976లో అక్కడ అది 3.5 లీటర్ల వీ8 ఇంజనుతో వచ్చింది. మద్రాసులో ఆ బాడీ కింద పెట్టిన రెండు లీటర్ల ఇంజను మూలాలు మాత్రం ఎప్పటి వాన్‌గార్డ్ కారువి. చూడ్డానికి పులి, తొక్కితే ఎద్దు. గుర్రం గుడ్డిదైనా దానాకి తక్కువ లేదన్న సామెత దానికి సరిపోయింది. 1988కల్లా తయారీ ఆగిపోయింది, ఫ్యాక్టరీ మూతబడింది.

హార్స్‌పవర్ లెక్కలో చూస్తే స్టాండర్డ్ 2000కి స్పిట్‌ఫైర్ కంటే ఎక్కువే. అయినా స్పిట్‌ఫైర్ ఎవరికీ బలహీనంగా అనిపించలేదు, ఇది అనిపించింది. ఎందుకంటే స్పిట్‌ఫైర్ తన బరువుకి, తన రూపానికి తగ్గ మాటే ఇచ్చింది. 700 కిలోల బండికి 63 గుర్రాలు. రోవర్ రూపం ఇచ్చిన మాటని మద్రాసు ఇంజను నిలబెట్టుకోలేకపోయింది. తక్కువ బలం దానంతటదే ఆకర్షణ కాదు. మాటకీ చేతకీ మధ్య ఖాళీ లేకపోవడం ఆకర్షణ.

*

దీనికి ఎదురువాదాలు లేకపోలేదు. వాటిలో గట్టిది ప్రాణానికి సంబంధించింది. హెరాల్డ్ నుంచి స్పిట్‌ఫైర్‌కి వచ్చిన ఆ ఊగే ఇరుసుతో నిజంగానే ప్రమాదం ఉండేది. మలుపులో వేగంగా పోతూ భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక చక్రాలు లోపలికి ముడుచుకుని కారు వెనక భాగం పక్కకి విసిరేసేది. అమెరికాలో రాల్ఫ్ నేడర్ 1965లో షెవర్లే కోర్వేర్ మీద యుద్ధం ప్రకటించింది ఇలాంటి ఇరుసు గురించే. స్పిట్‌ఫైర్‌లో ఈ లోపాన్ని సరిదిద్దింది 1970లో వచ్చిన నాలుగో రూపంలో. ఎయిర్‌బ్యాగులు ఎలాగూ లేవు. తలుపు మందం చూస్తే అప్పడం గుర్తొస్తుంది. ఇంగ్లండు వానకీ, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకీ ఇనుము తుప్పు పట్టి, బయటికి నిగనిగలాడుతున్న కారు కింద చాసీ తినేసి ఉంటుంది. పాతదంతా బంగారం అనుకునేవాళ్ళు ఒకసారి ఆ కారు కింద పడుకుని టార్చి వేసి చూడాలి.

నేను కోరుకునేది పాత ప్రమాదాన్ని కాదు. ఆ కొలతని. అది తిరిగి సాధ్యమేనని జపానువాళ్ళు చూపించారు కూడా. 1980లో స్పిట్‌ఫైర్, ఎం.జి.బి. రెండూ ఆగిపోయాయి. చౌక రోడ్‌స్టర్ల కాలం అయిపోయిందని అందరూ అనుకున్నారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో మాజ్దా ఎమ్‌ఎక్స్-5 దిగింది. 1.6 లీటర్ల ఇంజను, అమెరికా లెక్కలో 116 హార్స్‌పవర్, వెయ్యి కిలోల లోపు బరువు. గుర్రమూ రౌతూ ఒకటైపోవడం అనే అర్థమొచ్చే పాత జపాను మాట ఒకటి వాళ్ళు సూత్రంగా పెట్టుకున్నారు. ఇది టాపుకి నీళ్ళు కారని, పొద్దున్నే స్టార్టయ్యే స్పిట్‌ఫైర్. 2016కి పదిలక్షల కార్లు తయారయ్యాయి. మొదటి తరం ఎమ్‌ఎక్స్-5లు ఇప్పుడు వాటంతటవే పాతకాలపు కార్ల జాబితాలోకి వచ్చేశాయి.

*

చివరికి మిగిలే ప్రశ్న, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇవి ఎలా బతికున్నాయన్నది. ఖరీదైన కార్లని డబ్బు బతికిస్తుంది. వాతావరణం అదుపులో ఉంచిన గదిలో, గుడ్డ కప్పి, ధర పెరిగేదాకా దాచుకుంటారు. వాటిని నడపడమంటే ధర తగ్గించుకోవడమే. చౌక కార్లని బతికించింది వాటి మామూలుతనం. స్పిట్‌ఫైర్ ముందు సస్పెన్షన్, స్టీరింగు, గేరుబాక్సు హెరాల్డ్‌తో పంచుకున్నవి. అలాంటి కార్లు లక్షల్లో తిరిగాయి కాబట్టి ఆ పార్టులకి గిరాకీ ఉంది, గిరాకీ ఉంది కాబట్టి ఇప్పటికీ కొత్తవి చేసి అమ్ముతున్నారు. ఎం.జి.బి.కైతే 1988 నుంచి పూర్తి బాడీషెల్లే మళ్ళీ కొత్తగా దొరుకుతోంది. ఓనర్ల క్లబ్బులు ఉన్నాయి, ఎవరికి ఏ బోల్టు కావాలన్నా చెప్పేవాళ్ళున్నారు. బ్రిటన్‌లో నలభై ఏళ్ళు దాటిన కారుకి రోడ్డు పన్ను కూడా ఉండదు. మావాడు తన స్పిట్‌ఫైర్‌కి పెట్టిన డబ్బు, అక్కడ కొత్త చిన్న కారు ధరలో మూడోవంతు కూడా లేదు.

అందరితో పంచుకోవడం వల్లే అది చౌకగా పుట్టింది. అందరితో పంచుకోవడం వల్లే ముసలితనం దాకా బతికింది. మన దగ్గర హెరాల్డ్‌ని ఇంకా ఎవరైనా నడుపుకుంటుంటే, వాళ్ళకి కావాల్సిన ఓ బుష్షో, ఓ బాల్‌జాయింటో ఇంగ్లండులోని స్పిట్‌ఫైర్ పిచ్చివాళ్ళ పుణ్యమా అని దొరుకుతుంది. మికెలోట్టి పెట్టిన చుట్టరికం అరవై ఏళ్ళ తర్వాత ఈ రకంగా అక్కరకొస్తోంది.

తెలుగులో కొనుక్కోవడం అనే మాట ఒకటుంది, ఏలుకోవడం అనే మాట ఇంకొకటి ఉంది. కొనుక్కోవడానికి డబ్బుంటే చాలు. ఏలుకోవాలంటే దాని కష్టసుఖాలు మన చేతికి తెలియాలి. దానికి జ్వరమొస్తే మనకి అర్థం కావాలి, మన తప్పుని అది కాస్త ఓర్చుకోవాలి, బాగుచేసుకునే స్తోమత మనకుండాలి. 265 గుర్రాల్ని కొనుక్కోగలిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఏలుకోగలిగేది ఎంతమంది అన్నది నాకు సందేహం. 63 గుర్రాలైతే, నెలజీతం మీద బతికే మనిషి, శనివారం సాయంత్రం, పది నంబరు స్పానరు చేతపట్టుకుని, ఏలుకోవచ్చు.